అమ్మ బెలుం చూసింది

బెలుం గుహలకు మూడు కిలోమీటర్ల దూరంలో మా అమ్మ ఇరవై రెండేళ్లు నాపరాయి గనుల్లో పని చేసింది. ఒక్కసారి కూడా ఆ గుహల్లోకి దిగలేదు. 2002 ఫిబ్రవరిలో జనం చూడ్డానికి గుహలు తెరిచినప్పుడు ఆమె తెల్లారకముందే సద్దిమూట కట్టుకుని గనికి పోయేది. గుహల దారిన పోయే బస్సులు, కార్లు ఆమెకు బాగా తెలుసు. ఎండాకాలం సెలవుల్లో ఎన్ని పోతాయో, దసరాకు ఎన్ని పోతాయో చెప్పగలదు. "బిలంలో ఏముంటాదిలే, రాయే గదా. టికెట్ కొని రాయి సూడాల్నా?" అనేది.

మొన్న జనవరిలో మా స్టడీ సర్కిల్ పిల్లలు పద్నాలుగు మంది బెలుం పోదామన్నారు. అమ్మను కూడా రమ్మన్నాను. "నేనేంటికిరా మీ సదువుకున్నోళ్ల మధ్య" అంది. "రాయి గురించి తెలిసినోళ్లు మాలో ఎవరూ లేరు, నువ్వే చెప్పాల" అన్నాను. ఆ మాటకు చీర మార్చుకుంది.

పోయిన వారం స్కాలర్‌షిప్ బకాయిల గురించి రాసినాయన ఈ వారం టూరిజం గురించి రాస్తాడేంది అని కొందరు మిత్రులకు అనిపించొచ్చు. వాళ్లకు ఒక పాత ప్రయాణం గుర్తు చేస్తాను. 1934లో బాబాసాహెబ్, ఉద్యమ సహచరులు ముప్పై మంది దాకా కలిసి బస్సులో ఔరంగాబాద్ వైపు బయల్దేరారు. చూడాలనుకున్నది వేరుళ్ బౌద్ధ గుహలు. దారిలో తామెవరో తెలిస్తే వచ్చే చిక్కులు తప్పించుకోడానికి పేర్లు చెప్పుకోకుండా పోవాలనుకున్నారు. అప్పటికి ఆయన బారిస్టరు, ప్రొఫెసరు, రౌండ్ టేబుల్ సమావేశాల్లో కూర్చుని వచ్చిన మనిషి. దౌలతాబాద్ కోట దగ్గర ఆగారు. ద్వారం పక్కనే నీళ్లు నిండుగా ఉన్న చిన్న కొలను. దుమ్ము కొట్టుకున్న ముఖాలు, కాళ్లు కడుక్కున్నారు. అంతే, ఒక ముసలాయన అరుచుకుంటూ వెనకాలే వచ్చాడు, అంటరానోళ్లు నీళ్లు మైలపరిచారని. జనం గుమిగూడారు. కొట్లాట దాకా పోయి, చివరికి లోపల ఎక్కడా నీళ్లు ముట్టకూడదని షరతు పెట్టి, ఒక సాయుధ సిపాయిని కాపలాగా వెంట పంపి కోట చూడనిచ్చారు. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఆయనే రాసుకున్నారు. మన సర్కిళ్లలో ఆ చిన్న పుస్తకం చదవని పిల్లలుంటే ఈ వ్యాసం ఇక్కడే ఆపి అది చదవండి, నాకేం బాధ లేదు.

మన వాళ్లు కోటలకు, గుళ్లకు, గుహలకు ఎప్పుడూ పోతూనే ఉన్నారు. రాళ్లు మోయడానికి పోయారు, ఊడవడానికి పోయారు. ఊరికే చూసి రావడానికి పోవడం మనకు కొత్త.

బెలుం గురించి తెలియనివాళ్లకు రెండు ముక్కలు. నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలో చదునైన పొలాల మధ్య ఉంటాయి ఈ గుహలు. బొర్రాకు పోయినట్టు కొండలెక్కి పోయేది ఏమీ లేదు. పెద్ద బుద్ధుడి విగ్రహం కనపడుతుంది, తర్వాత నేలలో బావుల్లాంటి గుంతలు. ఒక గుంతలోంచి మెట్లు దిగితే లోపలికి దారి. మొత్తం పొడవు 3,229 మీటర్లు, అందులో ఒకటిన్నర కిలోమీటరు దాకా సందర్శకులు తిరగొచ్చు. దేశంలో రెండో పెద్ద గుహ అని చాలాచోట్ల రాస్తారు గానీ మేఘాలయలో ఇంతకంటే పొడవైనవి చాలానే ఉన్నాయి. మైదాన ప్రాంతంలో ఇంత పొడవైనది అరుదు అంటే సరిపోతుంది. మన దానికి ఆ మాత్రం గొప్ప చాలు.

1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ గుహల గురించి రాశాడు. మద్రాసు దగ్గర పల్లావరంలో పాతరాతియుగపు గొడ్డలి కనిపెట్టినాయనే. వందేళ్ల తర్వాత, 1982, 83ల్లో గెబావర్ అనే జర్మన్ ఆయన బృందం లోపలంతా తిరిగి కొలతలు తీసి పటం గీసింది. 1999లో పర్యాటక సంస్థ చేతికి వచ్చి, దారులు, దీపాలు, గాలి గొట్టాలు అమర్చాక తెరిచారు. జర్మన్ల వెంట స్థానికులు కూడా లోపలికి పోయారు. గైడు చెప్పిన కథలో ఫుట్ ఉన్నాడు, గెబావర్ ఉన్నాడు, వాళ్లు మాత్రం లేరు. అడిగితే ఆ పిల్లోడు నవ్వి "ఎవరో ఊరోళ్లు అన్నా" అన్నాడు. అతని తప్పేం లేదు, కంఠతా పట్టించినదే కదా అతను చెప్పేది.

దిగిన పది నిమిషాలకే చొక్కాలు తడిసిపోయాయి. లోపల ఉక్క అట్లుంటుంది. పసుపుపచ్చ దీపాలు, తల వంచితేగానీ పోలేని సందులు, ఉన్నట్టుండి పెద్ద హాళ్లు. ఈ దారులన్నీ నీళ్లు తొలిచినవి. వాన నీళ్లు గాలిలోంచి, మట్టిలోంచి బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కాస్త పులుపెక్కుతాయి. ఆ నీళ్లు రాతి నెర్రెల్లోకి దిగి సున్నాన్ని కొంచెం కొంచెం కరిగిస్తూ పోతాయి. కరిగిన సున్నం ఇంకోచోట బొట్టుబొట్టుగా పేరుకుని పైనుంచి వేలాడుతుంది, కింద నుంచి లేస్తుంది. బీఎస్సీ పిల్ల ఒకామె ఇదంతా అమ్మకు వివరించింది. అమ్మ శ్రద్ధగా విని పైకి చూసింది. "ఇది మేం తీసే పొరే గదా" అంది.

నిజమే. భూగర్భ శాస్త్రంలో దీన్ని నార్జి సున్నపురాయి అంటారు. ఒకప్పటి సముద్రం అడుగున పొరలు పొరలుగా పేరుకున్న రాయి. పొరలు పలకల్లా విడివడతాయి కాబట్టే ఉలి, గడ్డపార పెట్టి బండలు లేపగలుగుతున్నారు. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, తాడిపత్రి, జమ్మలమడుగు, ఈ చుట్టుపక్కల మన ఇళ్ల నేల, కప్పు, జాలాడి, చేను చుట్టూ పాతిన కంచె, అన్నీ ఆ రాయే. పాలిష్ పట్టి కడప రాయి అని ఊళ్లకు పంపేదీ అలాంటి రాయే. సిమెంటు ఫ్యాక్టరీలు ఈ పక్కకు వచ్చిందీ సున్నపురాయి కోసమే. అమ్మ గుహ కప్పు కింద నిలబడి వేళ్లతో పొరలు లెక్కపెట్టింది. "ఇది రెండంగుళాల బండొచ్చే పొర. ఆ పైది పల్సన, ఇంటి మీదికి పనికిరాదు" అని పిల్లలకు చూపింది. అప్పటిదాకా గైడు వెనకాల నడిచిన పిల్లలు ఆమె వెనకాల చేరారు.

గైడు ఒక్కో చోట ఆగి పేర్లు చెప్పాడు. సింహద్వారం. కోటి లింగాలు. వేయి పడగలు. ఊడల మర్రి. పాతాళగంగ. ఒక డిగ్రీ పిల్లోడు నా పక్కకొచ్చి అడిగాడు, "అన్నా, ఇక్కడ బౌద్ధ బిక్షువులు, జైనులు ఉన్నారని చెప్తున్నారు. ధ్యాన మందిరం అని చూపిస్తున్నారు. మరి రాళ్లన్నీ లింగాలు, పడగలు ఎట్లయినాయి?"

ఈ ప్రశ్నకు కోపంగా జవాబు చెప్పడం తేలిక. నేను చెప్పింది వేరే. రాయికి రూపం ఉండదు, చూసే కంటికి అలవాటైన రూపం దానికి వస్తుంది. పేరు పెట్టే అవకాశం ఎవరికి దొరికిందో వాళ్ల ఇంట్లో ఉన్న బొమ్మలే గుహలో కూడా కనిపిస్తాయి. ఒకసారి పేరు పెట్టి దీపం పెడితే, ఆ తర్వాత వచ్చినవాడికి ఇంకోటి కనపడదు. పరీక్ష పెడదామని అమ్మను అడిగాను, అవి నీకేం మాదిరి ఉన్నాయి అని. కోటి లింగాల వైపు కాసేపు చూసి "సద్ద కంకులు" అంది. పిల్లలు నవ్వారు. తర్వాత వాళ్లకు కూడా సద్ద కంకులే కనపడ్డాయి. వేయి పడగల దగ్గర ఆమె "వానకు తడిసి తాడు మీద ఆరేసిన గోనెసంచులు" అంది. మా ఇంట్లో గోనెసంచులు తాడు మీద ఆరేయని వానాకాలం లేదు.

అక్కడొక చోట రాళ్లను ముట్టుకోవద్దని హెచ్చరిక ఉంది. చేతి చెమట, జిడ్డు అంటితే ఆ రాయి పేరుకోవడం ఆగిపోతుందట, మంచి నియమమే. ఇంటర్ పిల్లోడు దాన్ని గట్టిగా చదివి "పెద్దమ్మా, ఈడ ముట్టుకోవద్దనేది అందరికీనంట" అన్నాడు. అమ్మ వాని నెత్తిన ఒకటి మొట్టింది. కానీ నవ్వింది.

ఇప్పుడు ఏడు స్వరాల గుహ. సప్తస్వరాల గుహ అంటారు. పైనుంచి వేలాడే రాళ్లను చిన్న కట్టెతో తడితే ఒక్కోటి ఒక్కో రకంగా మోగుతుంది. గైడు తట్టి చూపించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అమ్మ చెవి దగ్గరగా పెట్టి "ఇంగోసారి కొట్టప్పా" అంది. అతను కొట్టాడు. "ఇది గట్టిది. ఆ మూడోది కొట్టు. ఆఁ, దాని లోపల నెర్రె ఉండాది."

గైడుకు అర్థం కాలేదు. ఆమె చెప్పింది. గనిలో బండ లేపే ముందు సుత్తితో ఒక దెబ్బ వేసి వింటారు. ఖంగుమంటే బండ నిండుగా ఉన్నట్టు. దబ్బుమంటే లోపల నెర్రె ఉన్నట్టు. నెర్రె ఉన్న బండ ఎత్తేటప్పుడు మధ్యలో రెండుగా విరిగి కాళ్ల మీద పడుతుంది. అది వినడం రానోళ్లను బండ కిందికి పంపరు. కానీ వినిపించినా కొన్నిసార్లు ఎత్తాల్సిందే. ఎందుకంటే కూలి అడుగుల లెక్క. విరిగిన బండ లెక్కలోకి రాదు. సాయంత్రం మేస్త్రీ కొలిచేటప్పుడు అంచు విరిగిందని పక్కకు తోసిన బండ మర్నాడు లారీలోకి ఎక్కడం ఆమె చూసింది, కూలి మాత్రం దానికి లేదు. అందుకని నెర్రె శబ్దం విన్నా, విననట్టు ఎత్తేవాళ్లు. అమ్మ ఎడమ కాలి రెండు వేళ్లు అట్ల పోయినవే. చెప్పులు తీసి చూపించలేదు గానీ పిల్లలు కిందికే చూశారు.

గైడు చేతిలోని కట్టెను ఆమెకిచ్చాడు. "నువ్వు కొట్టవ్వా" అన్నాడు. ఆమె కొట్టలేదు. "వద్దులే నాయనా, పాపం యా కాలం నుంచి ఏలాడతాండాయో" అంది.

ధ్యాన మందిరంలో పావుగంట కూర్చున్నాం, ఫోన్లు ఆపేసి. 1956 అక్టోబర్ 14 గురించి చెబుదామని నేను సిద్ధమై వచ్చాను. ఈలోగా అమ్మ అడిగింది, "బుద్ధుని మనుషులు ఈ సీకట్లో ఏం తినిరి?" బిక్షువులు వండుకోరు, ఊళ్లోకి పోయి బిక్ష తెచ్చుకునేవాళ్లు అని ఎవరో చెప్పారు. "అట్లయితే పెట్టినోళ్లు ఎవురు? మనోళ్లింటికి గూడా వచ్చిరా?" సంఘంలో కులం లేదని, మంగలి ఉపాలికి, పాకీ పని చేసిన సునీతుడికి బుద్ధుడు దీక్ష ఇచ్చాడని మేం అందరికీ చెబుతుంటాం. అది నిజం. కానీ ఆమె అడిగింది ఇంకోటి. దీక్ష తీసుకోకుండా ఊరి చివరనే ఉండిపోయినవాళ్ల ఇంటి ముద్ద ఈ గుహలోకి వచ్చిందా అని. పద్నాలుగు మంది చదువుకున్న పిల్లల్లో, నాలో, దానికి జవాబు లేదు. బౌద్ధ చరిత్ర మీద పీహెచ్‌డీ చేయాలనుకుంటున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎవరైనా ఈ ప్రశ్నను ఎత్తుకోండి. నాకు తెలిసి ఇంతకంటే మంచి టాపిక్ మీ గైడు ఇవ్వడు.

పాతాళగంగ ఈ గుహలో అన్నిటికంటే లోతైన చోటు, 46 మీటర్ల కింద. సన్నని ధార పారుతూ వచ్చి రాళ్ల కింద మాయమవుతుంది. బెలుం ఊరి బావిలో తేలుతుందని చుట్టుపక్కల చెప్పుకుంటారు. అక్కడ ఎక్కువసేపు ఉండలేకపోయాం, ఊపిరి ఆడలేదు.

పైకి వచ్చాక బుద్ధుడి విగ్రహం కనపడే చోట నీడ చూసుకుని జొన్నరొట్టెలు, గోంగూర విప్పాం. అక్కడ అమ్మ మా భూమి మాట ఎత్తింది. గుహ చూసి వచ్చాక ఆ మాట రావడం సహజమే, ఎందుకంటే మా భూమి కింద ఉన్నదీ ఈ రాయే.

మా తాతకు రెండెకరాల డీకేటీ పట్టా వచ్చింది. మా ఎస్సీ కాలనీలో ఇంకో పది కుటుంబాలకు కూడా. జానెడు మట్టి, దాని కింద బండ. నాగలి దిగదు. కొర్రలు చల్లితే వానొచ్చిన ఏడు కాసిని. పనికిరాని భూమి కాబట్టే మాకొచ్చింది. తర్వాత ఆ పనికిరానితనమే ధర అయింది. బండలకు గిరాకీ పెరిగాక ఒకాయన వచ్చి, ఏడాదికి ఇంత అని తెల్లకాగితం మీద రాయించుకుని, మా తాత వేలిముద్ర తీసుకున్నాడు. మూడేళ్లు డబ్బులిచ్చాడు. తర్వాత ఇవ్వలేదు. ఆ గనిలోనే మా అమ్మ కూలికి పోయింది. తన మామకు ప్రభుత్వం ఇచ్చిన భూమిలో, అడుగుల లెక్కన.

బొర్రా గుహల సంగతి ఇక్కడ చెప్పాలి. అనంతగిరి మండలంలో బొర్రా చుట్టుపక్కల గిరిజన గ్రామాల్లో కాల్సైట్ కోసం బయటి కంపెనీలకు గనుల లీజులిచ్చారు. సమత అనే సంస్థ కోర్టుకు పోయింది. 1997 జులై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1/70 చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదిలీ చెల్లదు, అక్కడ ప్రభుత్వం కూడా ఒక 'వ్యక్తే', కాబట్టి ప్రభుత్వం ఇచ్చిన గనుల లీజులూ చెల్లవు అని. గనుల లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంత గిరిజనుల అభివృద్ధికి శాశ్వత నిధిగా పెట్టాలని కూడా. ముగ్గురు జడ్జీల్లో ఒకరు ఒప్పుకోలేదు, అయినా తీర్పు తీర్పే. ఒక టూరిస్టు గుహ చుట్టూ ఉన్న ఊళ్ల నుంచి దేశమంతా చదివే తీర్పు వచ్చింది. బొర్రా పోయి సెల్ఫీ దిగిన వాళ్లలో ఎంతమందికి ఇది తెలుసు?

మనది మైదానం. ఐదో షెడ్యూలు మనకు లేదు. కానీ ఏమీ లేదనుకోవద్దు. 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం ఉంది. అసైన్డ్ భూమి అమ్మినా, తాకట్టు పెట్టినా, దానమిచ్చినా చెల్లదు. చాలామందికి తెలియనిది ఏమిటంటే, లీజు కూడా ఆ చట్టంలో బదిలీ కిందికే వస్తుంది. తెల్లకాగితం సంగతి సరేసరి. అట్లా పోయిన భూమిని స్వాధీనం చేసుకుని మొదట పట్టా పొందిన పేదవాడికి, లేదా వారసులకు తిరిగి ఇచ్చే అధికారం రెవెన్యూ వాళ్లకుంది. ప్రభుత్వమే అసైన్డ్ భూమి తీసుకుంటే? 2004లో మేకల పాండు కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం చెప్పింది, పట్టా భూముల యజమానులకు ఇచ్చినట్టే అసైన్డ్ వాళ్లకూ పూర్తి నష్టపరిహారం ఇవ్వాలని. 2023లో 1977 చట్టానికి సవరణ చేసి ఇరవై ఏళ్లు దాటిన అసైన్‌మెంట్లకు అమ్ముకునే హక్కు ఇచ్చారు. అది మేలా, కీడా అనేది పెద్ద చర్చ, ఇంకో భాగంలో రాస్తాను. ఒక్కటి మాత్రం చెప్తాను. రాయి ఉన్న భూముల చుట్టూ ఆ సవరణ వచ్చినప్పటి నుంచి కార్లు తిరగడం ఎక్కువైంది.

ఇంటికి పోయాక అమ్మ అటక మీది రేకు పెట్టె దించమంది. అడుగున, మా తాత రేషన్ కార్డు కింద పట్టా దొరికింది. మడతల దగ్గర చిరిగింది, సర్వే నంబరు కనపడుతోంది, విస్తీర్ణం కనపడుతోంది. మిగిలిన పది కుటుంబాల్లో ఆరు కుటుంబాల దగ్గర కాగితాలున్నాయి. నాలుగు కుటుంబాల దగ్గర లేవు, వాటి నకళ్ల కోసం తహసీల్దార్ ఆఫీసులో సమాచార హక్కు దరఖాస్తు పెట్టాం. బీఎస్సీ పిల్ల, ఇద్దరు లా పిల్లోళ్లు దాని మీద ఉన్నారు. అమ్మ గనిలోకి వాళ్లను తీసుకుపోయి మా రెండెకరాల హద్దు రాళ్లు ఎక్కడుండేవో చూపించింది. ఒకటి ఇంకా ఉంది, గని అంచున, సగం గాల్లో.

కొలిమిగుండ్ల, బనగానపల్లె, బేతంచెర్ల, తాడిపత్రి వైపు నాపరాయి భూముల్లో డీకేటీ పట్టాలున్న కుటుంబాల పిల్లలు ఇది చదువుతుంటే, ఈ ఆదివారం మీ ఇంట్లో పెట్టెలు దించండి. పట్టా దొరికితే రెండు వైపులా ఫోటో తీసి దాచండి, అసలు కాగితం ఎవరి చేతికీ ఇవ్వొద్దు. తాతలు వేలిముద్ర వేసిన తెల్లకాగితం నకలు దొరికితే అది ఇంకా ముఖ్యం, దాన్ని పారేయొద్దు.

జై భీమ్.